పండగనాడు కూర్చోకూడదు

మా ఊళ్ళో ఇలవేల్పు పండగనాడు ఇంటి యజమాని కూర్చోకూడదు. వచ్చినవాళ్ళంతా కూర్చుంటారు, తింటారు, తాగుతారు, రాజకీయాల మీద గొంతులు చించుకుంటారు. యజమాని మాత్రం పొద్దున కొవ్వొత్తి వెలిగించిన దగ్గర్నుంచి ఆఖరి చుట్టం గుమ్మం దాటేదాకా కాళ్ళ మీదే ఉండి వడ్డించాలి. ఆ రోజు మా ఇలవేల్పు సంత్ నికోలా స్వయంగా ఇంటికి వస్తాడనీ, ఆయన ముందు మనం కూర్చుంటే మర్యాద కాదనీ మా అత్తగారు చెప్పేది. ఆయనే వచ్చుంటే నా చేతి చేపల సూపు తాగకుండా కదిలేవాడు కాదని నేననేదాన్ని. ఆవిడకి నా మాటలు ఎప్పుడూ నచ్చలేదు.

మా ఆయన రాదివోయె బతికున్నన్నాళ్ళూ ఆయనే నిలబడ్డాడు. ఆయన పోయాక ఆరేళ్ళుగా ఆ పని నాది. నిలబడటం నాకేమీ కొత్త కాదు. ముప్ఫై రెండేళ్ళు ఈ ఊరికి ఉత్తరాలు పంచాను. డాన్యూబు పొంగి వీధుల్లోకి వచ్చిన ఏడు మోకాలి లోతు నీళ్ళలో నడిచి పింఛన్లు అందించాను. కుక్కలన్నిటికీ నా అడుగు చప్పుడు తెలుసు. రిటైరయ్యాక మాత్రం, అన్నేళ్ళు నడిచిన కాళ్ళకి విశ్రాంతి ఇవ్వాలనుకున్నాను. సోఫా, టీవీ, పక్కన పళ్ళెంలో గసగసాల రొట్టెలు. ఆ విశ్రాంతి నాలుగేళ్ళు సాగింది.

కిందటేడు డిసెంబరు పంతొమ్మిదిన, నా అరవై రెండో ఏట, నలభైమంది చుట్టాల ముందు, చేపల పళ్ళెం చేతిలో ఉండగా, నేను కూర్చున్నాను. కావాలని కాదు. కళ్ళు మసకబారాయి, నాలుక పిడచకట్టుకుపోయింది, మోకాళ్ళు నావి కానట్టు మడతపడ్డాయి. వెనక ఉన్న కుర్చీలో కూలబడ్డాను. ఆ కుర్చీలో చర్చి ఫాదరు గారు తన టోపీ పెట్టుకున్నారు. ఆ టోపీతో పాటు నా పరువూ డాన్యూబులో కలిసింది.

నా తోటికోడలు స్తమెంక పరుగున వచ్చి నా చేతిలోంచి పళ్ళెం తీసుకుంది. ఆ తర్వాత అందరికీ ఆవిడే వడ్డించింది. మా మరిది తిహోమిర్ నా పక్కన గొంతుక్కూర్చుని, అందరికీ వినబడేలా అన్నాడు.

"చాల్లే వదినా. వచ్చే ఏడు నుంచి పండగ మా ఇంట్లో చేస్తాం. నువ్వొచ్చి హాయిగా కూర్చుని తిందువుగాని."

కూర్చుని! నా ఒళ్ళు మండిపోయింది. అన్నదమ్ములిద్దరికీ ఒకటే కొవ్వొత్తి, అది పెద్దవాడి ఇంట్లోనే వెలగాలని మా మామగారు పోతూ పోతూ చెప్పిన మాట. నాకు కొడుకులు లేరు. ఆ కొవ్వొత్తీ, గోడ మీది నికోలా పటమూ ఈ గడప దాటాయంటే ఇక తిరిగి రావు. రాదివోయె ఇల్లు ఉత్త నాలుగు గోడలై మిగులుతుంది. కానీ ఆ పూట నోరు తెరిచి ఒక్క మాట అనడానికి కూడా నాలో ఓపిక లేదు.

మర్నాడు ఆరోగ్య కేంద్రంలో నర్సు యెలిసావెత వేలి మీద పొడిచి, యంత్రంలో అంకె చూసి, మళ్ళీ పొడిచింది. యంత్రం పాడైందేమో అనుకుందట.

"ఇరవై రెండు, పిన్నీ. పరగడుపున ఏడు లోపు ఉండాలి. నీకు షుగరు. ఇవాళొచ్చింది కాదు, ఎన్నేళ్ళుగానో ఉండి ఉంటుంది."

మాత్రలిచ్చారు, చిన్న యంత్రం ఇచ్చారు, ఏం తినాలో ఏం తినకూడదో రాసిన కాగితం ఇచ్చారు. ఊరందరి జబ్బుల కబుర్లూ మోసిన మనిషిని, నా జబ్బు మాత్రం ఎవరికీ చెప్పలేదు. దొంగతనం చేసి పట్టుబడ్డట్టు సిగ్గేసింది. బాత్రూంలో గడియ పెట్టుకుని వేలు పొడుచుకునేదాన్ని. అంకె చూసి ఏడ్చేదాన్ని. ఏడ్చాక కోపం వచ్చేది, కోపం వచ్చాక ఆప్రికాట్ జామ్ సీసా తెరిచి చెంచాతో తినేదాన్ని. నేనేం పాపం చేశానని నాకిది? ఊళ్ళో నాకంటే లావుపాటి వాళ్ళు లేరా? స్తమెంక రోజూ మూడు కేకులు తింటుంది, ఆవిడకెందుకు రాలేదు? సిగ్గు లేకుండా చెప్తున్నాను, అవన్నీ నిజంగానే అనుకున్నాను.

తర్వాత నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఈస్టరుకి ముందు ఏడు వారాల ఉపవాసం ఉంటుంది కదా, ఈసారి ఒక్క రోజు కూడా తప్పకుండా చేసి నికోలాకి మొక్కుకుంటాను. మాంసం లేదు, పాలు లేవు, గుడ్డు లేదు, వెన్న లేదు. షుగరు చచ్చినట్టు దిగాలి. ఏడు వారాలూ చేశాను. గట్టిగా చేశాను. ఫాదరు గారే మెచ్చుకున్నారు. ఆయన టోపీ సంగతి కూడా మర్చిపోయినట్టే కనబడ్డారు.

ఈస్టరు అయ్యాక ఛాతీ విరుచుకుని యెలిసావెత ముందు కూర్చున్నాను. మూడు నెలల సగటు ఎంతుందో చెప్పే పరీక్ష చేసింది. అది చలికాలంలో కంటే పైకెక్కి కూర్చుంది.

"ఏం తిన్నావు పిన్నీ?" అంది నర్సు, అంకె వంక చూస్తూనే.

"ఏమీ తినలేదే! ఉపవాసం. నిష్ఠగా చేశాను."

"అంటే పొద్దున్న?"

"రొట్టె, జామ్. అవి ఉపవాసానికి పనికొస్తాయిగా."

"మధ్యాహ్నం?"

"బంగాళాదుంపలు. రొట్టె."

"సాయంత్రం?"

"నువ్వుల హల్వా. అందులో పాలుండవు, నన్నలా చూడకు. ఆదివారాలు తేనె."

యెలిసావెత తల బల్ల మీద ఆన్చేసింది. కాసేపటికి భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"సంత్ నికోలా నీ మీద కేసు పెడతాడు, పిన్నీ! నీ మొక్కు ఆయనకి ముట్టింది, హల్వా నీ రక్తానికి ముట్టింది."

నాకూ నవ్వొచ్చింది. నాలుగు నెలల్లో అదే మొదటిసారి నవ్వడం. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి దిగిపోయాను. కాళ్ళు తీసేస్తారని భయంగా ఉందనీ, కళ్ళు పోతాయని భయంగా ఉందనీ, కొవ్వొత్తి పోతోందనీ, అన్నీ ఆ పిల్ల ముందు కక్కేశాను. తను నా చెయ్యి పట్టుకుని అంతా విని, ఒకటే అడిగింది.

"నువ్వు పోస్టు మనిషివి కదా. నడవడం మర్చిపోయావా?"

మర్నాడు పొద్దున్నే నా పాత దారి పట్టాను. పోస్టాఫీసు దగ్గర మొదలుపెట్టి, తోలు పని వాళ్ళ వీధి, చర్చి వెనక సందు, రేవు, మళ్ళీ పైకి. ఖాళీ భుజంతో నడుస్తుంటే బట్టలు లేకుండా వెళ్తున్నట్టు అనిపించి, వెనక్కొచ్చి పాత సంచీ తగిలించుకున్నాను. అందులో నీళ్ళ సీసా, యంత్రం. కుక్కలు ముసలివైపోయాయి, అయినా గుర్తుపట్టాయి.

కుక్కలతో ఇబ్బంది లేదు, మనుషులతోనే వచ్చింది. మా దగ్గర గుమ్మం దాకా వచ్చిన మనిషికి ముందు ఒక చెంచాడు పళ్ళ పాకం, గ్లాసుడు నీళ్ళు ఇవ్వాలి. వద్దనడమంటే ఆ ఇల్లాలి మొహాన తలుపేసినట్టే. దర్జీ పెర్సిద చెర్రీ పాకం ఇచ్చింది. పక్కింటావిడ గులాబీ రేకులది. ఆ పక్కావిడ పచ్చి అక్రోటు కాయలది. ఏడు గుమ్మాలు, ఏడు చెంచాలు. ఆరోగ్యం కోసం నడవడానికి వెళ్ళి, బయల్దేరినప్పటి కంటే నాలుగు అంకెలు ఎక్కువ మోసుకుని ఇంటికొచ్చాను. రెండో రోజు ఆ దారినే పోకుండా పొలాల వెంట వెళ్ళాను. మూడో రోజు పెర్సిద కంచె మీదుగా అరిచింది.

"ఏవే విదోసవా, మా పాకం నీకు చేదైందా? నిన్న మొహం చాటేశావు!"

నేను ఆగాను. ఏదో అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. పంటి నొప్పి అనొచ్చు, డాక్టరు దగ్గరకి ఆలస్యమవుతోంది అనొచ్చు. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నాకు షుగరు, పెర్సిదా."

అనేశాక కంచె పట్టుకుని నిలబడ్డాను. పెర్సిద చేతిలో కత్తెర అలాగే ఆగింది.

"అంతేనా? ఓసి నీ... నీకు నా మీద కోపమొచ్చిందనుకుని రాత్రంతా నిద్ర పోలేదే నేను! అంచు కుట్టాల్సిన చోట జేబు కుట్టేశాను!"

లోపలికెళ్ళి పాకం గిన్నె పెట్టేసి, ఉత్త నీళ్ళ గ్లాసు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. పక్కన నాలుగు ముక్కలు పుల్ల ఆపిలు. అది మర్యాద అంటే. ఆ ముక్కలు నములుతూ ఏడ్చాను, ఆవిడ కూడా ఏడ్చింది, ఎందుకని నేనడగలేదు.

మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. ముప్ఫై రెండేళ్ళలో నేను ఏ ఉత్తరాన్నీ అంత త్వరగా చేర్చలేదు. ఆ తర్వాత నుంచి కంచెల మీదుగా ఒకటే కేక: "విదా, ఇవాళెంత?" ఒకప్పుడు ఉత్తరాలున్నాయా అని అడిగినవాళ్ళు ఇప్పుడు నా రక్తం సంగతి అడుగుతున్నారు. తొమ్మిదంటే పెదవి విరిచేవాళ్ళు, ఏడంటే చప్పట్లు. చిక్కుడు తొక్కల కషాయం తాగమని ఒకరు, ఖాళీ కడుపున గుక్కెడు రాకియా సారా తాగమని ఇంకొకరు సలహాలిచ్చేవాళ్ళు. కషాయం ఒకసారి తాగాను. కుక్కలు కూడా దూరం జరిగాయి. రేవు దగ్గర జివోత బాబాయ్ మాత్రం సలహాలివ్వలేదు. ఎనభై నాలుగేళ్ళ పాత పడవవాడు, నాలాగే షుగరు మనిషి, ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మనిషి. నాతో రేవు చివరి దాకా కర్ర పొడుచుకుంటూ నడిచేవాడు. ఒకరోజు చెవి దగ్గర మెల్లగా, "నాది ఎనిమిదిరా అమ్మాయీ," అన్నాడు. అది చెప్పడానికి ఆయనకి ఇరవై ఏళ్ళు పట్టింది.

తిండి మార్చుకోవడం నడకంత తేలిక కాలేదు. రొట్టె మీద మమకారం నాకింకా చావలేదు. పళ్ళెంలో సగం క్యాబేజీ, మిరపకాయలు, దోసకాయలు, పావు వంతు చేపో చిక్కుడు గింజలో, మిగతా పావులో ఒక్క ముక్క నల్ల రొట్టె. ఆ ఒక్క ముక్కనీ ఎంత నెమ్మదిగా తినేదాన్నో! కొన్ని రోజులు తప్పాను. జూన్‌లో ఒక పెళ్ళిలో పూర్తిగా తప్పాను, మూడు రోజులు ఎవరి కంచె దగ్గరా ఆగకుండా నడిచాను. నాలుగో రోజు ఆగాను.

అక్టోబరులో పరీక్ష ఫలితం చూసి యెలిసావెత కుర్చీలోంచి లేచి నన్ను ముద్దు పెట్టుకుంది. పద్నాలుగు కిలోలు తగ్గాను. సగటు డాక్టరుగారు అడిగిన గీతకి కిందికి దిగింది. "ఒక్క మాట గుర్తుపెట్టుకో," అంది. "ఈ మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగరు నాలుగు కిందికి పడిపోతుంది. పెరగడం కంటే పడిపోవడమే ప్రమాదం." విన్నాను, తలూపాను.

నేరుగా మరిది ఇంటికి వెళ్ళాను. స్తమెంక అప్పటికే పండగకి కొత్త తెల్ల బల్లగుడ్డ కొంది. నాకే చూపించింది.

"పండగ మా ఇంట్లోనే," అన్నాను.

తిహోమిర్ నిట్టూర్చాడు. "వదినా, మళ్ళీ పడితే? జనం ఏమంటారు, ముసలావిడ చేత చాకిరీ చేయిస్తున్నారని అనరా?"

"పందెం వేస్తాను. ఆఖరి చుట్టం వెళ్ళేలోపు నేను ఒక్కసారి కూర్చున్నానంటే, కొవ్వొత్తీ పటమూ నువ్వు ఆ సాయంత్రమే పట్టుకుపో. నేను నోరెత్తను."

"నువ్వా? నోరెత్తవా?" అన్నాడు. అయినా చెయ్యి కలిపాడు. స్తమెంక బల్లగుడ్డ మడత పెట్టుకుంది.

పండగనాడు ఐదింటికి లేచాను. మాత్ర వేసుకుని, ఒక్క చిన్న ముక్క రొట్టె తిన్నాను. పదకొండింటికి ఫాదరు గారొచ్చారు, టోపీ తలమీంచి తియ్యలేదు. ప్రార్థన అయింది. నూరిన గోధుమల్లో పంచదార, అక్రోటు కలిపిన ప్రసాదం ఒక్కొక్కళ్ళకీ ఒక్కో చెంచా అందించాను. చేపల సూపు, కాల్చిన చేప, చిక్కుడు గింజలు, ఊరగాయలు, రాకియా. నవ్వాను, వంగాను, వడ్డించాను. కాళ్ళు గట్టిగా ఉన్నాయి. స్తమెంక చూపు నా మోకాళ్ళ మీదే ఉంది. చూసుకోనీ అనుకున్నాను. యజమాని చుట్టాల కంటే ముందు తినకూడదు, అందుకని మధ్యాహ్నం తినలేదు. అదీ నా పొగరు. యెలిసావెత మాట ఆ హడావిడిలో పూర్తిగా మర్చిపోయాను.

మూడున్నరకి సగం మంది వెళ్ళారు. ఇరవై మంది మిగిలారు. జివోత బాబాయ్ వరద కథ మొదలుపెట్టాడు, అది మొదలైతే గంటకి తక్కువ తెమలదు. నేను రెండో విడత చేప పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి వచ్చాను. ఉన్నట్టుండి చేతులు వణకడం మొదలైంది. వీపంతా చెమటలు. గుండె దడదడా కొట్టుకుంటోంది. పళ్ళెం గట్టు మీద పెట్టి, ఏప్రన్ జేబులోంచి యంత్రం తీశాను. మొదట్లోనైతే బాత్రూంలోకి పరిగెత్తేదాన్ని. వీళ్ళందరి ముందే పొడుచుకున్నాను. మూడు పాయింటు ఒకటి.

నాకు తెలుసు ఏం చెయ్యాలో. తీపి తినాలి, కూర్చోవాలి. తీపి నిలబడి తినొచ్చు. కూర్చోకపోతే మాత్రం పడతాను. పడితే తల పక్కనే గది వెచ్చబెట్టే ఇనుప పొయ్యికి తగులుతుంది. గోడ మీద నికోలా పటం వంక చూశాను. కొవ్వొత్తి సగానికి పైగా కాలింది. ఇంకొక్క గంట ఆగితే చాలు. ఆ ఒక్క గంటనీ నా చేతులతో నేనే వదిలెయ్యాలి. ఎనిమిది నెలలు ఈ ఊరి వీధులన్నీ అరగదీసింది దీని కోసమా అనిపించింది. కానీ ఆ ఎనిమిది నెలలూ నడిచింది బతకడానికి కూడా.

"నాకు షుగరు పడిపోయింది," అని గట్టిగా అన్నాను. "మూడు పాయింటు ఒకటి. తీపి ఇవ్వండి. నేను కూర్చుంటున్నాను."

కూర్చున్నాను.

అందరికంటే ముందు కదిలింది స్తమెంక. గోధుమ ప్రసాదం గిన్నె, పళ్ళ రసం గ్లాసు పట్టుకుని నా ముందు మోకాళ్ళ మీద కూలబడి, చెంచాతో నోట్లో పెట్టింది. 

"కొవ్వొత్తి కోసం కాదక్కా," అంది ఏడుస్తూ. "మా అమ్మ ఇలాగే పడి మళ్ళీ లేవలేదు. కిందటేడు నువ్వు పడ్డప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. ఈ చాకిరీ మా ఇంట్లో పెడితే నువ్వు బతుకుతావని... మింగు, మాట్లాడకు, మింగు."

ఏడాది పాటు ఈ మనిషిని తిట్టుకున్నాను. మింగాను. ప్రసాదంతో పాటు అదీ మింగాను.

 ఇరవై మంది కూర్చున్నవాళ్ళు, మధ్యలో కూర్చున్న యజమాని. అప్పుడు కర్ర నేల మీద గట్టిగా కొట్టిన చప్పుడైంది. జివోత బాబాయ్ లేస్తున్నాడు. ఎనభై నాలుగేళ్ళ కీళ్ళు, లేవడానికి ఎంత సేపు పట్టిందో!

"ఏంట్రా చూస్తున్నారు? లేవండి! యజమాని కూర్చుంటే చుట్టాలు నిలబడాలి. ఆచారం."

"అలాంటి ఆచారం ఎక్కడుంది బాబాయ్?" అన్నారెవరో.

"ఇప్పుడే పెట్టాను. నాకూ షుగరే, ఇరవై ఏళ్ళుగా. వినబడిందా అందరికీ? లే!"

కుర్చీలన్నీ ఒక్కసారి జరిగాయి. పెర్సిద లేచింది, మరిది లేచాడు, అంతా లేచారు. పళ్ళేలు చేతుల్లో పట్టుకుని, గ్లాసులు పట్టుకుని, గోడలా నా చుట్టూ నిలబడ్డారు. ఎవరూ తినలేదు, తాగలేదు. పావుగంట అలా నిలబడ్డారు. వరద కథ కూడా ఆగిపోయింది. మా ఊరి చరిత్రలో అదొక్కటే వింత అనుకుంటాను.

పావుగంట తర్వాత మళ్ళీ పొడుచుకున్నాను. ఇరవై తలలు యంత్రం మీదికి వంగాయి.

"ఐదు పాయింటు ఆరు!" అని అరిచింది స్తమెంక.

అందరూ ఒకటే కేక. వీధి కుక్కలు కూడా మొరిగాయి. జివోత బాబాయ్ గ్లాసెత్తి ఐదు పాయింటు ఆరు ఆరోగ్యానికి తాగాడు. నేను లేచి నిలబడ్డాను. కాళ్ళు నావే. మరిది ఎదుటికి వెళ్ళాను.

"మాట మాటే తిహోమిర్. కూర్చున్నాను. కొవ్వొత్తి తీసుకెళ్ళు."

వాడు గోడ మీద పటం వంక చూశాడు. కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకున్నాడు.

"నువ్వు కూర్చున్నావా? నేను చూళ్ళేదొదినా. నా ముందు ఇరవై మంది నిలబడి ఉన్నారు, నాకెక్కడ కనబడింది? ఏమే, నీకు కనబడిందా?"

"నాకూ కనబళ్ళేదు," అంది స్తమెంక, ప్రసాదం చెంచా ఇంకా చేతిలోనే ఉంది.

 ఈ ఊరికి అలాంటి రోజు ఎప్పుడూ రాలేదు, నా నోరు మూతపడిన రోజు. సంతోషంతో నా గుండె పగిలిపోతుందేమో అనిపించింది. కన్నీళ్ళు ఏప్రన్‌తో తుడుచుకుని, గట్టు మీది పళ్ళెం రెండు చేతులా ఎత్తుకున్నాను.

"కూర్చోండి," అన్నాను. "చేప చల్లారిపోతోంది."